బొట్టు కింది గీత

మా ఆయన సదానందం పటాలకు ఫ్రేములు కడతాడు. వరంగల్ చౌరస్తా నుంచి పోచమ్మ మైదాన్‌కు పోయే దారిలో మా దుకాణం. దేవుళ్ళ పటాలు, పెళ్ళి ఫోటోలు, పోయినవాళ్ళ ఫోటోలు, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ వస్తాయి. నేను అద్దాలు తుడిచి, వెనక అట్టలు కోసి, మేకులు అందిస్తాను.

మా ఆయనకు ఒక నియమం ఉంది. ఎవరైనా సిద్ధాంతి రాసిచ్చిన యంత్రం తెస్తే దాని ముఖం చూడడు. దీపం పెట్టకముందు బయటి మనిషి కన్ను పడితే యంత్రం బలం తగ్గుతుందని వాళ్ళ నాయన చెప్పాడట. అందుకని కాగితాన్ని బోర్లా పరిచి, బోర్లానే అద్దం మీద పెట్టి, బోర్లానే అట్ట కొట్టి, పేపర్లో చుట్టి ఇచ్చేస్తాడు. దైవకార్యం కనుక నేనూ కాదనలేదు. ఒక్కసారి మాత్రం అడిగాను.

"లోపలి దిక్కు అద్దం మీద మరక ఉన్నదో లేదో చూడకుంట ఎట్ల తెలుస్తది?"

"దేవునికి తెల్వదా?" అన్నాడు.

దేవుడికి తెలుస్తుంది సరే, తుడవాల్సింది నేను కదా అనుకుని ఊరుకున్నాను.

మా పక్క షట్టరు షకీల్‌ది. కంప్యూటర్లు బాగుచేస్తాడు. పాత వస్తువు ఎవరైనా తెస్తే, పారేసి కొత్తది కొనుక్కోమని చెప్పడం ఆ అబ్బాయికి చేతకాదు. ముఖ్యంగా పాత గ్రాఫిక్స్ కార్డులంటే ప్రాణం. కంప్యూటర్ తెర మీద బొమ్మలన్నీ గీసేది ఆ కార్డేనట. నేను చేత్తో పట్టుకుని చూశాను. ఇటుకంత బరువు, మీద రెండు ఫ్యాన్లు, కింద బంగారు రంగు పళ్ళ వరస.

"పదేండ్ల కింద ఇదే రాజు అక్కా. ఇప్పటికి గూడ తగ్గదు. ఇంట్ల నాలుగు ఫ్యాన్లు తాగే కరెంటు ఇదొక్కటే తాగుతది" అని ముద్దుగా చెప్పేవాడు. మా ఇంట్లో ఎవరైనా అంత కరెంటు తాగితే నేను ముద్దుగా చెప్పను.

ఆ కార్డులో కరెంటు ఏ దారిన పోతుందో చూపే పటం తయారుచేసిన కంపెనీ ఎవరికీ ఇవ్వదట. అందుకని షకీల్ తనే గీయడం మొదలుపెట్టాడు. పాడైన కార్డు ముందు పెట్టుకుని, మీటరు ముళ్ళు ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ ఆనిస్తాడు. రెండు చోట్ల మధ్య దారి ఉంటే మీటరు కుయ్ మంటుంది. కుయ్ మంటే ఒక గీత. వానాకాలమంతా గోడ అవతల నుంచి ఆ కుయ్ కుయ్ మాకు వినపడేది. పెద్ద చార్టు కాగితం నిండా గీతలు, చతురస్రాలు, చీమల్లాంటి అంకెలు నిండాయి.

ఈలోగా ములుగు నుంచి ఓంప్రకాశ్ వచ్చాడు. పెళ్ళి వీడియోలు తీసి, అతికి, పాటలు పెట్టి ఇస్తాడు. అతని కంప్యూటర్‌లో సరిగ్గా అదే రకం కార్డు. చచ్చిపోయింది. తీసిన పెళ్ళి ఒకటి లోపలే ఆగిపోయింది.

"అందరు పారెయ్యమంటాండ్లు. నువ్వొక్కనివే చేస్త అంటానవ్" అన్నాడు ఓంప్రకాశ్. "గురువారం పొద్దుమీకి వస్త. ఐతే సరే. కాకపోతే హైదరాబాద్ తీస్కపోత. నువ్వు ఎప్పటి లెక్క విండోస్ ఎక్కిచ్చుకుంట కూసో."

ఆ మాట షకీల్‌కు గుచ్చుకుంది. విండోస్ ఎక్కించడానికి వరంగల్‌లో గల్లీకి ఒకరున్నారు. కార్డు బతికించిన మనిషి అనిపించుకోవాలని అతని పట్టుదల. ఆ సాయంత్రమే చార్టును చుట్ట చుట్టి, రబ్బరు బ్యాండు వేసి మా దగ్గరికి తెచ్చాడు.

"జర జల్ది ఫ్రేం కట్టు అన్నా. ఊకె చుట్టుకపోతాంది. గోడకు కొట్టి దాన్ని చూసుకుంట పని చేస్త. ఫ్రేం కట్టినంక మంచిగ ఫోటో గూడ తీసి పెట్టుకుంట."

అదే రోజు పోచమ్మ మైదాన్ దగ్గర కర్రీ పాయింట్ నడిపే సమ్మమ్మ పెద్దమ్మ వచ్చింది. ఆమెదీ అంతే కొలతలో చుట్ట చుట్టిన కాగితమే, పసుపు దారం కట్టి ఉంది. గిరాకీ లేక కూరలు మిగిలిపోతుంటే, వాళ్ళ సొంతూరు రఘునాథపల్లి వైపు ఒక సిద్ధాంతి రాసిచ్చిన యంత్రం. దీపం పెట్టేదాకా ఆమె కూడా విప్పి చూడకూడదట.

చుట్ట కాగితం సాపు కావాలంటే రాత్రంతా అద్దం బరువు కింద ఉంచాలి. మా ఆయన దారం తీసి ఒకటి, రబ్బరు తీసి ఒకటి పక్కపక్కనే పరిచాడు. షకీల్ చార్టును కూడా బోర్లానే పరిచాడు. ఎందుకలా అని అడిగితే, "ఒకటి చూసి ఒకటి చూడకుంటే, చూడనిదాని మీదికి మనసు పోతది" అన్నాడు. ఇంత నిష్ఠ గలవాడికి ఏది ఎవరిదో పొద్దున గుర్తుంటుందనే నేను అనుకున్నాను.

బుధవారం పొద్దున్నే సమ్మమ్మ ముహూర్తం చూసుకుని ఆటోలో వచ్చి తన పొట్లం తీసుకుపోయింది. మధ్యాహ్నానికి షకీల్ తనది తీసుకున్నాడు. తీసుకున్న కాసేపటికే మళ్ళీ వచ్చాడు. చెప్పులు బయటే వదిలాడు. ఏనాడూ వదలనివాడు. ఉతికిన తువ్వాలు మీద ఫ్రేమును రెండు చేతులా పట్టుకున్నాడు.

"అన్నా, ఇది మీ దేవునిది. నేను చూసిన. తప్పయితదా?"

మా ఆయన గబుక్కున కళ్ళు మూసుకున్నాడు. "పేపర్ కప్పు! పేపర్ కప్పు!"

"కప్పిన అన్నా."

"మొత్తం కప్పు!"

మా ఆయన కళ్ళు తెరిచేసరికి నేను అడగాల్సింది అడిగేశాను. "ఇది ఇక్కడుంటే షకీల్‌ది ఎక్కడున్నట్టు?"

ముగ్గురం ఆటో ఎక్కాం. మా ఆయన యంత్రాన్ని ఒళ్ళో పెట్టుకుని, దారి పొడవునా "మీరు మాట్లాడకుండ్రి, నేను మెల్లగ చెప్త" అంటూనే ఉన్నాడు.

కర్రీ పాయింట్ ముందు జనం రోడ్డు దాకా నిలబడి ఉన్నారు. ఎన్నడూ లేని రద్దీ. ఎదురుగా ఉన్న మెస్ షట్టరు ఆ రోజు మూసి ఉండటం నా కంటపడింది కానీ, ఆ సంగతి అనడానికి అది సమయం కాదు. స్టీలు గిన్నెల వెనక గోడకు షకీల్ పటం వేలాడుతోంది. బంతిపూల దండ వేసి ఉంది. అరటిపండుకు గుచ్చిన అగరబత్తీ పొగ నేరుగా దాని మీదికి పోతోంది. అద్దం నాలుగు మూలలా చిన్న బొట్లు. నడుమ కంటే కాస్త పైన రూపాయి బిళ్ళంత పెద్ద బొట్టు.

"సదానందం, నీ చేతిల ఏమున్నదో గని బిడ్డా!" అంది సమ్మమ్మ గరిటె ఆపకుండా. "పొద్దున దీపం పెట్టిన, పప్పు ఐపోయింది, మళ్ళ పెట్టిన, అదీ ఐపోయింది. ఇన్ని గీతలున్న యంత్రం మా రఘునాథపల్లిల ఎవ్వల ఇంట్ల లేదు. సిద్ధాంతి ఎంత తిప్పలపడ్డడో!"

షకీల్ ముఖంలో నవ్వో ఏడుపో తెలియనిది ఒకటి వచ్చి ఆగిపోయింది. మా ఆయన వరసలోంచి ముందుకు పోయాడు. గొంతు సవరించుకున్నాడు. ఏదో అన్నాడు. బెండకాయ ఫ్రై పొట్లంతో తిరిగొచ్చాడు.

"చెప్పినవా?" అన్నాను.

"గిరాకిల ఉన్నది. ఊకె నిలబడితే బాగుండదని కొన్న."

ఇక లాభం లేదని షకీలే పోయాడు. "పెద్దమ్మా, తప్పు అనుకోకు. నీ పొట్లం నాకొచ్చింది, నాది నీకొచ్చింది. గోడకున్నది నేను గీసిన."

గరిటె ఆగింది. "నువ్వా? నీకు మంత్రాలు ఎట్ల వచ్చు పిలగా?"

"మంత్రం గాదు. కరెంటు తొవ్వ. కంప్యూటర్ల ఒక కార్డు ఉంటది. దాంట్ల కరెంటు ఎటు నుంచి ఎటు పోతదో గీసిన."

సమ్మమ్మ తిరిగి పటాన్ని చూసింది. వరసలో ఉన్నవాళ్ళూ చూశారు. "ఎటు నుంచి వస్తదట?"

షకీల్ దూరం నుంచే వేలు చూపించాడు. "ఈ మూలకు పన్నెండు వోల్టులు వస్తది. ఈ ఆరు తొవ్వలల్ల పంచుకుంటది. నడుమ పెద్ద డబ్బా ఉన్నది చూడు, అది చిప్పు. ఆడికి పొయ్యేసరికి ఒక్క వోల్టు."

"పన్నెండు వస్తే ఒక్కటేనా? కడమ పదకొండు ఎవలు తిన్నరు?"

"ఎవ్వలు తినలే పెద్దమ్మా. వోల్టు తగ్గుతది, ధార పెరుగుతది."

"చిక్కటి పులుసుల నీళ్ళు పోసి పదిమందికి పెట్టినట్టు."

"ఆ... దగ్గర దగ్గర గట్లనే."

"చుట్టు ఉన్న చిన్న డబ్బాలేంది మరి?"

"మెమరీ. నడుమదానికి కావలసినయన్ని యాదికి పెట్టుకుంటయి. చుట్టు ఉంటెనే దానికి జల్ది అందుతయి."

"నడుమ తల్లి, చుట్టు పరివారం" అంది సమ్మమ్మ. "ఇంక యంత్రం గాదంటవేంది?"

షకీల్ నా వైపు చూశాడు. నిజానికి ఆమె చెప్పాక నాకూ అలాగే కనపడింది. మా ఆయన యంత్రం పొట్లం పైకెత్తి, "పెద్దమ్మా, సిద్ధాంతి రాసింది ఇది. అది దించి ఇయ్యి, ఇది పెట్టుకో" అన్నాడు.

"దీపం పెట్టినంక మండలం నిండేదాక మేకు మీదికెల్లి దించొద్దన్నడు గద సిద్ధాంతి."

"ఆయన అన్నది దీని సంగతి."

"దానికి నేను దీపం పెట్టలే గద. దేనికి దీపం పెడితే దానికే నియమం."

మా ఆయన ఎత్తిన పొట్లం దించాడు. "మాట సరైందే" అన్నాడు మెల్లగా. షకీల్ అతని వైపు చూసిన చూపు నేనింకా మరిచిపోలేదు.

"అది గూడ తే, పక్కన పెడత" అంది సమ్మమ్మ. పేపరు విప్పుతుంటే మా ఆయన ఫ్రై పొట్లం కళ్ళకు అడ్డం పెట్టుకున్నాడు. ఒక త్రిభుజం, నాలుగక్షరాలు, చుట్టూ ఒక వలయం. సమ్మమ్మ దాన్ని తిప్పి వెనక కూడా చూసింది. "గింతేనా? తొందరల ఉన్నడేమో పాపం."

షకీల్ బతిమాలాడు. గురువారం సాయంత్రం గడువు సంగతి, ఓంప్రకాశ్ అన్న మాట, అన్నీ చెప్పాడు. సమ్మమ్మకు జాలి వేసింది కానీ జాలికి నియమం లొంగలేదు. దించకూడదు. ఫోన్‌లో ఫోటో తీయకూడదు. అద్దాన్ని ముట్టకూడదు. చూస్తూ కూర్చోవచ్చు.

"నీ కార్డు ఈడికే తెచ్చుకో బిడ్డా. జాగ ఇస్త."

అలా కర్రీ పాయింట్‌లో కార్డుకు వైద్యం మొదలైంది. మధ్యాహ్నం రద్దీ తగ్గాక షకీల్ స్టూలు వేసుకుని, కౌంటరు మీద తువ్వాలు పరిచి కార్డు పడుకోబెట్టాడు. మీద ఫ్యాన్లు విప్పేస్తే కింద చిప్పు అద్దంలా మెరిసింది. తల ఎత్తి పటం చూడటం, "ఆర్ ఇరవై ఏడు, సీ నలభై" అని ముక్కల నంబర్లు గొణుక్కోవడం, మీటరు ఆనించడం, కుయ్. అతనికి తోడుగా నేను ఉండిపోయాను. మా ఆయన దుకాణం తెరవాలని పోయాడు.

కూరకు వచ్చిన ఒకాయన ఇదంతా చూసి గొంతు తగ్గించాడు. "ఏం పూజ నడుస్తాంది అవ్వా?"

"సప్పుడు చెయ్యకు. దవాఖాన" అంది సమ్మమ్మ.

ఆయన ఎందుకైనా మంచిదని రెండు పటాలకూ, కార్డుకూ కలిపి దండం పెట్టి, వంకాయ కూర కట్టించుకుని పోయాడు.

చాలాసేపటికి షకీల్ మీటరు కింద పెట్టాడు. "అన్ని తొవ్వలు మంచిగనే ఉన్నయి అక్కా. చిప్పుకు కరెంటు పంచే ఇంకో చిన్న చిప్పు ఉంటది. అది నిద్ర లేస్తలేదు. దానికి లెమ్మని చెప్పే తీగ ఒకటి ఉంటది."

"దానికి గూడ మేలుకొలుపు పాడాల్నా?"

"పాడాలె. ఆ తీగ యాడికెల్లి వస్తదో అదే చూడాలె. ఆ గీత..." అని తల ఎత్తి ఆగిపోయాడు.

ఆ గీత నడుమ చతురస్రం పక్కనున్న చిన్న చిప్పు నుంచి పైకి పోయి, సరిగ్గా పెద్ద బొట్టు కిందకు దూరింది. సమ్మమ్మ చతురస్రాన్ని ముఖం అనుకుంది. ముఖానికి నుదురు పైనే కదా ఉంటుంది.

"పెద్దమ్మా, ఆ నడుమ బొట్టు జర తుడుస్తవా?"

"బొట్టు తుడువుమంటానవా?" సమ్మమ్మ గొంతుకు వీధిలో పోయేవాళ్ళు ఆగారు. "ముత్తైదువను పట్టుకొని, అమ్మవారి మొకం మీద బొట్టు తుడువుమంటానవా?"

షకీల్ చెవులు ఎర్రబడ్డాయి. నేను కల్పించుకున్నాను. "తుడుసుడు గాదు పెద్దమ్మా. కొత్తది పెట్టాలంటే పాతది తీస్తం గద. రెండు వేళ్ళు పక్కకు పెడదాం."

"శుక్రవారం. తానం చేసి, మడి బట్ట కట్టుకొని పెడత."

"ఓంప్రకాశ్ గురువారమే వస్తాండు."

"వస్తే రానీ. పప్పు పెడత."

షకీల్ కళ్ళు మూసుకుని గుర్తు చేసుకున్నాడు. "కార్డు గుచ్చే స్లాటు దిక్కు నుంచి వస్తది. బంగారు పళ్ళున్నయి గద, ఆడికెల్లి. నేనే గీసిన, నాకు యాదికుండదా?" అని మీటరు ఒక ముల్లు పళ్ళ దగ్గర, ఒకటి చిన్న చిప్పు దగ్గర ఆనించాడు. కుయ్ మనలేదు. మళ్ళీ ఆనించాడు. లేదు. అతని ముఖం వెలిగింది. "దొరికింది! ఈడనే తెగింది. పైనుంచి ఒక తీగ అతికితే లేస్తది."

"స్లాటు నుంచే వస్తదని తెలుసా, అనుకుంటానవా?" అన్నాను. ఏదో గొప్ప మాట చెప్పాలని అనలేదు. పటం చూడకుండా పటం కట్టే మనిషితో కాపురం చేస్తున్నాను కనుక అలవాటుగా అడిగాను.

షకీల్ చేతిలోని ముళ్ళు పక్కన పెట్టాడు. లేచి ఆటో పట్టుకుని దుకాణానికి పోయి, అదే రకం ఇంకో చచ్చిన కార్డు తెచ్చాడు. దాని మీద అవే రెండు చోట్ల ఆనించాడు. అక్కడా కుయ్ మనలేదు.

"రెండు కార్డులు ఒక్క జాగలనే తెగుతయా?" అంది సమ్మమ్మ వెనక నుంచి.

"తెగయి పెద్దమ్మా" అన్నాడు షకీల్. "ఆడ తీగనే లేదు."

ఇక గుడ్డివాడు గోడ తడుముకున్నట్టు, ఆ చచ్చిన కార్డు అంతా ముల్లుతో తడిమాడు. గిన్నెలు కడిగేశారు, రాత్రి కూరలకు ఉల్లిగడ్డలు కోశారు. చివరికి స్లాటు పళ్ళకు ఎదురు అంచున, కరెంటు వైర్లు గుచ్చే రెండో సాకెట్ పక్కన కుయ్ మంది. ఓంప్రకాశ్ కార్డులో అదే చోట నువ్వుగింజంత ముక్క ఒకటి పగిలి ఉంది. ఎప్పుడో ప్లగ్గు లాగినప్పుడు దెబ్బ తగిలి ఉంటుందన్నాడు షకీల్. చచ్చిన కార్డులోంచి ఆ గింజను తీసి దీనికి అతికించడానికి దుకాణానికి పరుగెత్తాడు.

పోతూ పోతూ, "బొట్టు లేకపోతే ఈ తిప్పలన్ని ఉండకపోయేటియి. చూసేటోన్ని, చేసేటోన్ని" అన్నాడు. సమ్మమ్మకు వినపడేటట్టే అన్నాడు.

గురువారం సాయంత్రం ఓంప్రకాశ్ కళ్ళ ముందే కార్డు పెట్టి స్విచ్చు వేశాడు. రెండు ఫ్యాన్లూ గిర్రున తిరిగాయి. తెర మీద లోపల చిక్కుకుపోయిన పెళ్ళి కనపడింది. పెళ్ళికొడుకు మేనమామ బారాత్‌లో డ్యాన్స్ చేస్తున్నాడు. ఓంప్రకాశ్ ఆ మేనమామను చూసి అంత సంతోషపడతాడని ఎవరూ అనుకోలేదు.

"హైదరాబాద్‌ల గూడ చెయ్యరు కాకా" అన్నాడు. "మా తమ్ముని దగ్గర ఇంకోటి ఉన్నది. అది గూడ తెస్త."

శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక షకీల్ టోపీతోనే వచ్చి, కర్రీ పాయింట్‌కు రమ్మన్నాడు. తన గీతను ఒకసారి కళ్ళారా చూసుకోవాలట. మా ఆయన కూడా వచ్చాడు. సమ్మమ్మ తలస్నానం చేసి, తడి గుడ్డతో పాత బొట్లు తీసి, గంధం కలుపుతోంది.

"ఒక్క నిమిషం ఆగు పెద్దమ్మా" అని షకీల్ దగ్గరికి పోయి చూశాడు. వేలు గాలిలోనే గీత వెంట పోయింది. పైకి పోయి, పక్కకు తిరిగి, కిందికి దిగి, బంగారు పళ్ళ దగ్గర ఆగింది.

వేలు మళ్ళీ మొదటి నుంచి అదే దారిన పోయింది. "అక్కా, తప్పు గీసిన" అన్నాడు నాతో, చిన్నగా.

"అంటే?" అంది సమ్మమ్మ.

"యాది తప్పలే. యాదికి ఉన్నట్టే కాగితం మీద గూడ ఉన్నది. రెండు తప్పే. మొన్న ఇది కనపడి ఉంటే ఇంకో కార్డు తేకపోయేటోన్ని. రాసి ఉన్నది గద అని తీగ అతికేటోన్ని. చిప్పు కాలిపోయేది."

మా ఆయన రెండు చేతులూ జోడించాడు. "అమ్మవారే అడ్డం వచ్చింది!"

"అమ్మవారు అడ్డం వచ్చేదే ఉంటే, గీసేటప్పుడే చెయ్యి పట్టుకునేది గద?" అన్నాను.

"నీకు అన్నిట్ల ప్రశ్నలే" అన్నాడు.

ప్రశ్నలే. రోజూ దీపం పెట్టేదాన్ని కనుకే అడుగుతాను. అమ్మవారే మూసిందో, సమ్మమ్మ పెద్దమ్మకు నుదురు అక్కడ కనపడిందో నాకు తెలియదు. రెండూ ఒకటే కావచ్చు కూడా.

షకీల్‌కు ఆ గొడవ పట్టలేదు. అతనికి సిగ్గుగా ఉంది. "పెద్దమ్మా, ఒక్కసారి దించియ్యి. అట్ట విప్పి గా గీత ఒక్కటి సరి చేసి మళ్ళ పెడత. తప్పున్నదానికి దండం పెడతానవ్."

"మండలం నిండనీ."

"అప్పటిదాక నలుగురు చూస్తరు. ఓంప్రకాశ్ అసొంటోడు ఒకడు వచ్చి చూస్తే, వీనికి గీసుడే రాదు, కార్డు ఏం చేస్తడు అంటడు."

సమ్మమ్మ అతన్ని చూసింది, పటాన్ని చూసింది. ఉంగరపు వేలు కుంకుమలో ముంచి, అద్దం ముందు కాలి మునివేళ్ళ మీద నిలబడింది.

"యాడ తప్పింది బిడ్డా? వేలు పెట్టి సూపియ్యి."

షకీల్ చూపించాడు. సమ్మమ్మ మొన్నటి కంటే పెద్ద బొట్టు అక్కడ పెట్టింది. కింద బంగారు పళ్ళ దాకా ఇంకా కాస్త గీత కనపడుతోందని అతను అంటే, దాని మీద కూడా ఒకటి పెట్టింది.

"ఇగ చూస్కో, కనపడుతాందా?"

"కనపడ్తలేదు పెద్దమ్మా."

"ఐతే కూసో. అన్నం తిని, కొత్తది గీసుకో."